0.1 ఓం షంటు, ఎల్‌ఎం358: 0.84 ఆంపియరు పోతుంటే 1.03 చూపిస్తోంది, 2.5 పోతున్నా 1.57 దాటడం లేదు

పొలంగట్టు · ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను డిప్లొమా రెండో సంవత్సరం చదువుతున్నాను. మా నాన్న మందు కొట్టే స్ప్రేయరు 12 వోల్టుల, 8 ఆంపియర్-అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీతో నడుస్తుంది. చేను నడిమధ్యకు వెళ్లాక పంపు నీరసించిపోతుంది. సగం నిండిన ట్యాంకు వీపున మోసుకుంటూ గట్టు దాకా రావాలి. బ్యాటరీలోంచి ఎంత ఖర్చయిందో లెక్కపెట్టే చిన్న మీటరు చేద్దామని మొదలుపెట్టాను.

కట్టింది ఇది. బ్యాటరీ నెగటివ్ వైపు 0.1 ఓం, 5 వాట్ల సిమెంటు రెసిస్టరును షంటుగా (కరెంటు కొలవడానికి దాని దారిలో పెట్టే చిన్న రెసిస్టరుగా) పెట్టాను. దాని మీద వచ్చే వోల్టేజిని ఎల్‌ఎం358 అనే ఆప్-ఆంపుతో (చిన్న వోల్టేజిని పెంచే చిప్పుతో) పెంచి, దాన్ని చదివే ఆర్డుయినో ఉనో బోర్డు ఎ0 పిన్నుకు ఇచ్చాను. 22కె, 1కె రెసిస్టర్లు వాడాను కాబట్టి గెయిన్ (ఎన్ని రెట్లు పెంచుతుందన్నది) 23. అంటే 1 ఆంపియరుకు 2.3 వోల్టులు రావాలి. చిప్పుకు 5 వోల్టులు ఆర్డుయినో నుంచే తీసుకున్నాను. అంతా టంకం లేకుండా రంధ్రాల్లో గుచ్చే బ్రెడ్‌బోర్డు మీదే ఉంది. పంపు పెట్టడానికి ముందు కారు బల్బులతో చూశాను. వరసలో మల్టీమీటరును 10 ఆంపియర్ల రేంజిలో పెట్టి సరిపోల్చాను.

బల్బు లేదు: రావలసింది 0, వచ్చింది 0.06 వోల్టు
10 వాట్ల బల్బు, 0.84 ఆంపియరు: రావలసింది 1.93, వచ్చింది 2.36
21 వాట్ల బల్బు, 1.72 ఆంపియర్లు: రావలసింది 3.96, వచ్చింది 3.62
రెండూ కలిపి, 2.5 ఆంపియర్లు: వచ్చింది మళ్లీ 3.62

తక్కువ కరెంటుకు ఎక్కువ చెబుతోంది, ఎక్కువ కరెంటుకు తక్కువ చెబుతోంది. ఇప్పటికి మూడు చిప్పులు మార్చాను. పై అంకెలు మొదటి చిప్పువి. మూడో చిప్పులో బల్బు లేనప్పుడు కచ్చితంగా సున్నా వస్తోంది, అందుకని అదే మంచిదని ఉంచుకున్నాను. మిగతా రెండూ పాడైనవేనా?

పాత రేడియో · ఆదివారం, రాత్రి 10:05

ఎల్‌ఎం358 చవక సరుకు. 741 ఆప్-ఆంపు పెట్టి చూడండి. మా కాలేజీ ల్యాబులో అన్ని ప్రయోగాలూ దానితోనే చేశాం, ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు.

ల్యాబ్ అక్క · ఆదివారం, రాత్రి 10:31

పాత రేడియో గారూ, ఈ పనికి మాత్రం 741 వద్దండి. అది 1968లో వచ్చిన చిప్పు. మనం ల్యాబులో దానికి ప్లస్ 15, మైనస్ 15 ఇచ్చేవాళ్లం, గుర్తుందా? దాని ఇన్‌పుట్టు నెగటివ్ సప్లైకి ఒకటి రెండు వోల్టుల పైన ఉంటేనే పనిచేస్తుంది. ఇక్కడ నెగటివ్ సప్లై అంటే గ్రౌండే. షంటు ఇచ్చేదేమో గ్రౌండుకు 0.3 వోల్టు లోపలే. అందులో 741 ఏం చెప్పినా నమ్మడానికి ఉండదు. ఎల్‌ఎం358 గ్రౌండు దాకా ఉన్న ఇన్‌పుట్టును చదవగలదు. తమ్ముడు చిప్పును సరిగ్గానే ఎంచుకున్నాడు.

పొలంగట్టూ, నీ పట్టికలో ఉన్నది ఒక తప్పు కాదు, మూడు. మూడూ ఒకేసారి కలిసేసరికి చిప్పు మీద అనుమానం వచ్చింది. మూడు చిప్పులూ బాగానే ఉన్నాయనే అనుకుంటున్నాను.

తేలికైనది ముందు. 3.62 దగ్గర ఆగిపోవడానికి కారణం నీ సప్లై. ఎల్‌ఎం358 ఔట్‌పుట్టు కిందకు గ్రౌండు దాకా దిగుతుంది కానీ, పైకి సప్లై దాకా ఎక్కలేదు. సుమారు 1.5 వోల్టు కిందే నిలిచిపోతుంది. 5 వోల్టులు ఇస్తే మూడున్నర చిల్లర వరకే. 2.5 ఆంపియర్లకు నువ్వు 5.75 అడుగుతున్నావు. 22కె తీసేసి 10కె పెట్టు. గెయిన్ 11 అవుతుంది, 3 ఆంపియర్లకు 3.3 వోల్టులు వస్తాయి. పంపు మొరాయిస్తే 2 ఆంపియర్లు దాటుతుంది, ఆ చోటు ఉండాలి. ఉనో చదవగల ఒక్కో మెట్టు 4.88 మిల్లీవోల్టులు కాబట్టి 4.4 మిల్లీఆంపియర్ల తేడా కనబడుతుంది. నీ పనికి అది చాలు.

చిప్పుకు 12 వోల్టులు ఇచ్చేస్తే సరిపోతుంది కదా అని ఎవరైనా అంటారు. ఔట్‌పుట్టు 5 వోల్టులు బాగా దాటిన రోజున ఎ0 పిన్ను పోతుంది. అది వద్దు.

ఇక సున్నా దగ్గర వచ్చిన 0.06. దాన్ని 23తో భాగించు, 2.6 మిల్లీవోల్టులు. అది ఈ చిప్పు ఇన్‌పుట్టు ఆఫ్‌సెట్, అంటే ఏమీ ఇవ్వకున్నా చిప్పు తనంతట తాను ఉన్నట్టు చూసే చిన్న వోల్టేజి. డేటాషీటులో మామూలుగా 2 అని, గరిష్ఠంగా 7 మిల్లీవోల్టులని ఉంటుంది. నీది హద్దులోనే ఉంది. 0.1 ఓం షంటు మీద 2.6 మిల్లీవోల్టులంటే 26 మిల్లీఆంపియర్లు. లోడు లేనప్పుడు ఒకసారి చదివి, ప్రోగ్రాములో తీసేయి.

నువ్వు మంచిదనుకుని ఉంచుకున్న మూడో చిప్పు ఉంది చూశావూ, దాన్ని తీసి మొదటిది పెట్టు. ఆఫ్‌సెట్ ఒక్కో చిప్పుకు ఒక్కో వైపు ఉంటుంది. మూడోదానిలో మైనస్ వైపు ఉండి ఉంటుంది. ఔట్‌పుట్టు సున్నా కిందకు దిగలేదు కాబట్టి సున్నా దగ్గరే కూర్చుంటుంది. ఆఫ్‌సెట్ మైనస్ 2 మిల్లీవోల్టులైతే, 20 మిల్లీఆంపియర్లు పోతున్నా అది కదలదు. మొదటి చిప్పు తప్పును పైకి చూపిస్తోంది కాబట్టి దిద్దుకోవచ్చు. మూడోది దాచిపెడుతోంది, ఏం తీసేయాలో నీకు తెలిసే దారి లేదు.

మూడో తప్పు, ఆ 0.84కు 1.03 రావడం. అది నాకు బ్రెడ్‌బోర్డు పనిలా కనబడుతోంది. ఆ విషయం టంకం తాతగారు చెబితే బాగుంటుంది.

కొత్త బోర్డు · సోమవారం, ఉదయం 7:12

ఇంత తంటా ఎందుకు? ఏసీఎస్712 కరెంటు సెన్సారు మాడ్యూలు పెట్టేస్తే షంటూ వద్దు, ఆప్-ఆంపూ వద్దు. మూడు వైర్లు, అంతే.

ల్యాబ్ అక్క · సోమవారం, ఉదయం 7:50

పెట్టవచ్చు. 5 ఆంపియర్ల రకం 1 ఆంపియరుకు 185 మిల్లీవోల్టులు ఇస్తుంది. ఉనోలో ఒక మెట్టు అంటే 26 మిల్లీఆంపియర్లు, పైగా దాని సొంత రొద ఒకటి. పంపు నడుస్తోందా లేదా తెలుసుకోవడానికి బాగుంటుంది. ఆంపియర్-అవర్లు కూడబెట్టే లెక్కలో చిన్న తప్పు గంటలకొద్దీ పేరుకుపోతుంది, అక్కడ నేనైతే వాడను.

టంకం తాత · సోమవారం, ఉదయం 9:20

బాబూ, నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పవర్ రూములో చాలాకాలం పనిచేశాను. అక్కడ 48 వోల్టుల బ్యాటరీల దగ్గర షంట్లు ఉండేవి. ఇత్తడి దిమ్మె, దానికి రెండు వైపులా బొటనవేలంత బోల్టులు. ఆ బోల్టుల పక్కనే, దిమ్మె లోపలి వైపు, మీటరు వైరు కోసం చిన్న స్క్రూలు. కొత్తగా చేరినవాడెవడైనా మీటరు వైరును ఆ పెద్ద బోల్టుకే బిగించేవాడు. మీటరు ఎక్కువ చూపించేది. మా సూపర్‌వైజరు ఒక్క మాట కూడా అనకుండా స్క్రూడ్రైవరు చేతికిచ్చి నిలబడేవాడు.

నీ దగ్గర కూడా అదే జరిగిందని నా అనుమానం. అనుమానంతో పని లేదు, కొలిచి చూడు. 10 వాట్ల బల్బు వెలిగించి, మీటరును 200 మిల్లీవోల్టుల రేంజిలో పెట్టు. మొదట రెండు ప్రోబులూ షంటు కాళ్ల మీదే పెట్టు, సిమెంటు ఒంటికి ఆనుకున్న చోట. బ్రెడ్‌బోర్డు రంధ్రంలో కాదు. తర్వాత ఎరుపు ప్రోబు చిప్పు 3వ కాలి మీద, నలుపు ప్రోబు 4వ కాలి మీద. రెండు అంకెలూ ఇక్కడ రాయి. బల్బు ఆర్పకుండా, ఏ వైరూ కదపకుండా కొలవాలి.

పొలంగట్టు · సోమవారం, సాయంత్రం 6:35

తాతగారూ, కొలిచాను.

షంటు కాళ్ల మీద 84 మిల్లీవోల్టులు. చిప్పు 3, 4 కాళ్ల మధ్య 100.

అదే బోర్డు, అదే బల్బు, మధ్యలో 16 మిల్లీవోల్టులు ఎక్కడి నుంచి వచ్చాయో అర్థం కాక ఒక్కో అడుగూ ప్రోబుతో నడిచాను. షంటు పై కాలికీ, అది గుచ్చిన వరసకూ మధ్య 4. కింది కాలికీ దాని వరసకూ మధ్య 3. ఆ వరస నుంచి జంపర్ వైరు మీదుగా నీలం గీత చివర, చిప్పు గ్రౌండు తీసుకున్న చోటు దాకా 9. మొత్తం 16. లెక్క సరిపోయింది!

కాలు రంధ్రంలో గట్టిగానే కూర్చుంది. లాగితే రావడం కూడా లేదు. అయినా 4 మిల్లీవోల్టులా?

టంకం తాత · సోమవారం, రాత్రి 8:02

గట్టిగా కూర్చోవడం చేతికి. కరెంటుకు కావలసింది లోహం లోహాన్ని ఎంత వెడల్పున తాకుతోందన్నది. 0.84 ఆంపియరుకు 4 మిల్లీవోల్టులంటే 5 మిల్లీఓంలు కూడా లేదు, బ్రెడ్‌బోర్డు క్లిప్పుకు అది మంచి మార్కు. నీ షంటే 100 మిల్లీఓంలు కావడంతో అదంతా పైకి కనబడింది. మొత్తం 19 మిల్లీఓంలు షంటుకు తోడయ్యాయి. నీ ఆప్-ఆంపుకు 100 చూపించావు, అది 100నే 23తో పెంచింది. 2.30, దానికి ఆఫ్‌సెట్ 0.06 కలిపితే 2.36. నీ పట్టికలో ఉన్న అంకె అదే.

ప్రోగ్రాములో 19 శాతం తగ్గించేసుకుంటే పోదా అని అడగకు. రేపు వైరు కదిలితే అది 12 అవుతుంది, ఎల్లుండి 30 అవుతుంది.

షంటును జీరో పీసీబీ (టంకం వేసుకునే రంధ్రాల బోర్డు) మీద టంకం వేయి. బ్యాటరీ వైరు, లోడు వైరు, ఈ రెండూ లావువి. వీటిని షంటు కాళ్లకే అతుకు. 1 చదరపు మిల్లీమీటరు రాగి వైరు మీటరుకు 17 మిల్లీఓంలు. నీ షంటుతో పోల్చుకుంటే పది సెంటీమీటర్లకే పావు తక్కువ రెండు శాతం తప్పు. అందుకని కొలిచే వైర్లు వేరుగా, సన్నవి రెండు, కాళ్లకు సిమెంటు ఒంటి దగ్గర. సన్నవాటిలో కరెంటు పోదు కాబట్టి వాటిలో వోల్టేజి పడదు. దీన్నే కెల్విన్ కనెక్షన్ అంటారు.

కింది కాలి దగ్గరి సన్న వైరుకు మూడింటిని కలపాలి: చిప్పు 4వ కాలు, 1కె రెసిస్టరు కింది కొస, ఆర్డుయినో గ్రౌండు. ముఖ్యంగా ఆ 1కె. అందరూ చిప్పు గ్రౌండు సరిచేసి దాన్ని మరిచిపోతారు.

ల్యాబ్ అక్క · సోమవారం, రాత్రి 8:20

చిప్పులో రెండో సగం ఖాళీగా గాలిలో ఉంటే దాన్ని కూడా కట్టేయి. 5వ కాలు గ్రౌండుకు, 6, 7 ఒకదానికొకటి.

పొలంగట్టు · బుధవారం, రాత్రి 10:15

టంకం వేశాను. గెయిన్ 11 చేశాను. మొదటి చిప్పు తిరిగి పెట్టాను. 10 వాట్ల బల్బుకు 0.953 వోల్టు వచ్చింది, సున్నా దగ్గరి 0.029 తీసేస్తే 0.924. అంటే 0.84 ఆంపియరు. మీటరులోనూ 0.84! 2.5 ఆంపియర్ల దగ్గర కూడా ఒక అంకె తేడా అంతే. ఇంట్లో వాళ్లను పిలిచి చూపించాను, రెండు చోట్లా ఒకే అంకె వస్తే ఇంత గోల ఎందుకని మా అమ్మ అడిగింది.

సంతోషం గంట కూడా నిలవలేదు. బల్బు తీసి, మాస్‌ఫెట్ (స్విచ్చులా పనిచేసే ట్రాన్సిస్టరు) మాడ్యూలు ద్వారా పంపు కలిపాను. వేగం ఆర్డుయినో పీడబ్ల్యూఎంతో (కరెంటును వేగంగా వేసి ఆపుతూ) మార్చాలని ఉద్దేశం. పూర్తి వేగంలో మల్టీమీటరు 1.3 ఆంపియర్లు అంటోంది, నాది 0.4 అంటోంది. వేగం తగ్గిస్తే నా అంకె 0 నుంచి 0.5 దాకా ఇష్టం వచ్చినట్లు గెంతుతోంది. పంపు తీసి, మాడ్యూలు లేకుండా బల్బు పెడితే మళ్లీ కచ్చితంగా ఉంది. మోటారు రొద వల్లనా?

పాత రేడియో · బుధవారం, రాత్రి 10:40

741 విషయంలో తొందరపడ్డాను, ఒప్పుకుంటున్నాను. ఈసారి ఆలోచించే అడుగుతున్నాను. మాడ్యూలు నుంచి ఆర్డుయినోకు ఎన్ని వైర్లు వెళ్తున్నాయి?

పొలంగట్టు · బుధవారం, రాత్రి 10:44

రెండు. సిగ్నల్, గ్రౌండు.

టంకం తాత · గురువారం, ఉదయం 6:10

పాత రేడియో గారు సరైన చోట వేలు పెట్టారు.

బాబూ, కాగితం మీద గీసుకో. మాడ్యూలు గ్రౌండు షంటు పై కాలి దగ్గర ఉంది. ఆర్డుయినో గ్రౌండు షంటు కింది కాలి దగ్గర ఉంది. ఆ రెండింటినీ నీ చేతులతోనే జంపర్ వైరుతో కలిపావు. కరెంటుకు ఇప్పుడు రెండు దారులు. 1.3లో 0.4 షంటులోంచి పోతోందంటే మిగతా 0.9 ఆ సన్న జంపరులోంచి పోతోంది. లెక్క వేస్తే ఆ వైరు 45 మిల్లీఓంలు, జానెడు జంపరుకు అంతే ఉంటుంది.

పంపు నడుస్తుండగా ఆ గ్రౌండు జంపరును లాగేయి. ఏం జరిగిందో రాయి.

పొలంగట్టు · గురువారం, ఉదయం 7:05

పంపు ఆగిపోతుందనుకుని ఒక కన్ను మూసుకుని లాగాను. ఆగలేదు! నా అంకె 0.4 నుంచి 1.3కు ఎక్కి కూర్చుంది.

గ్రౌండు లేకుండా సిగ్నల్ ఎలా అందుతోంది తాతగారూ?

ల్యాబ్ అక్క · గురువారం, ఉదయం 8:30

గ్రౌండు ఉంది తమ్ముడూ, షంటు మీదుగా ఉంది. మాస్‌ఫెట్ సోర్సు ఆర్డుయినో గ్రౌండు కంటే 0.13 వోల్టు పైన ఉంది, అంతే. గేటుకు 5 వోల్టుల బదులు 4.87 అందుతోంది. దానికి ఆ తేడా పట్టదు.

అయితే ఒక జాగ్రత్త. షంటు అతుకు ఎప్పుడైనా ఊడితే మాడ్యూలు గ్రౌండు పంపు ద్వారా 12 వోల్టుల వైపు లేస్తుంది, సిగ్నల్ వైరు వెంట ఆర్డుయినో పిన్ను మీదకు వస్తుంది. అంతకన్నా మాడ్యూలు పక్కన పెట్టి నువ్వే కట్టుకోవడం మేలు. నీది ఐఆర్‌ఎఫ్520 మాడ్యూలైతే దానికి 5 వోల్టుల గేటు ఎలాగూ చాలదు, పూర్తిగా తెరుచుకోక వేడెక్కుతుంది. ఐఆర్‌ఎల్‌జెడ్44ఎన్ తీసుకో, గేటుకు వరసలో 220 ఓంలు, గేటుకూ సోర్సుకూ మధ్య 10కె. పంపు మీద 1ఎన్5822 డయోడు తిరగేసి పెట్టు.

గెంతడం సంగతి వేరు. ఉనో పీడబ్ల్యూఎం సెకనుకు 490 సార్లు పంపును వేసి ఆపుతుంది. నువ్వు చదివే క్షణంలో అది ఆన్‌లో ఉంటే పూర్తి కరెంటు కనబడుతుంది, ఆఫ్‌లో ఉంటే సున్నా. అది రొద కాదు, ఉన్నది ఉన్నట్టే చెబుతోంది. నీకు కావలసింది సగటు. చిప్పు 3వ కాలికి ముందు ఫిల్టరుగా 1కె రెసిస్టరు, 10 మైక్రోఫారడ్‌ల కెపాసిటరు పెట్టు.

కొత్త బోర్డు · గురువారం, ఉదయం 9:02

ఫిల్టరు ఔట్‌పుట్టు తర్వాత పెట్టకూడదా? నేను ఎప్పుడూ ఎ0 దగ్గరే పెడతాను. 10కె, 10 మైక్రోఫారడ్‌లు.

ల్యాబ్ అక్క · గురువారం, ఉదయం 9:25

పెట్టవచ్చు, ఉనోకు 10కె దాకా ఫరవాలేదు. కానీ పంపు బయలుదేరేటప్పుడు ఒక్క క్షణం కరెంటు 3 ఆంపియర్లు దాటుతుంది. అప్పుడు ఆప్-ఆంపు ఔట్‌పుట్టు మూడున్నర దగ్గర తల కొట్టుకుంటుంది. తల తెగిన అలకు తర్వాత సగటు తీస్తే సగటు కూడా తక్కువే వస్తుంది. ముందే నునుపు చేస్తే ఆ గొడవ లేదు. ముందు పెట్టినప్పుడు మాత్రం 10కె వద్దు, ఎల్‌ఎం358 ఇన్‌పుట్టు కరెంటు 45 నానోఆంపియర్లు దానిలోంచి పారి 0.45 మిల్లీవోల్టు కలుపుతుంది. 1కెతో పదో వంతే.

ఇంకొకటి. పీడబ్ల్యూఎం ఆపినప్పుడు పంపులోని కరెంటు డయోడు గుండా తిరుగుతుంది, షంటులోకి రాదు. కాబట్టి నీకు వచ్చేది బ్యాటరీ ఇచ్చే సగటు, పంపు కరెంటు కాదు. నీకు కావలసిందీ అదే.

పాత రేడియో · గురువారం, మధ్యాహ్నం 1:15

ల్యాప్‌టాప్ తీసేసి బ్యాటరీ మీద నడిపినప్పుడు ఉనో 5 వోల్టుల పిన్నును ఒకసారి కొలవండి. యూఎస్‌బీ మీద 4.9, జాకు మీద 5.0 ఉంటే అంకెలన్నీ రెండు శాతం మారతాయి. ప్రోగ్రాములో పొలానికి వెళ్లేటప్పటి విలువ రాసుకోండి.

పొలంగట్టు · తర్వాతి మంగళవారం, రాత్రి 9:30

అన్నీ చేశాను. ఐఆర్‌ఎల్‌జెడ్44ఎన్ చల్లగా ఉంది. జాకు మీద 5.02 ఉంది, అదే రాశాను. అంకె నిలకడగా ఉంది. నిన్న నాన్న ఆరు ట్యాంకులు కొట్టారు, మీటరు 3.1 ఆంపియర్-అవర్లు చూపించింది. సాయంత్రం చార్జింగు పెట్టాను, రాత్రికి నిండింది, తీసేశాను.

ఒక్క చిక్కు. ఈరోజు వాన వల్ల పనికి వెళ్లలేదు. మీటరు రోజంతా 0.00 ఆంపియరు దగ్గరే ఉంది, ఖర్చు కూడా సున్నానే. కానీ బ్యాటరీ వోల్టేజి నిన్న రాత్రికంటే దిగింది. బ్యాటరీయే పాతదైపోయిందా?

టంకం తాత · తర్వాతి మంగళవారం, రాత్రి 9:52

ఆర్డుయినోకు కరెంటు ఎక్కడి నుంచి వస్తోంది బాబూ?

పొలంగట్టు · తర్వాతి మంగళవారం, రాత్రి 10:01

ఆ బ్యాటరీ నుంచే. ఉనో జాకుకు ఇచ్చాను.

అయ్యో. దాని గ్రౌండు షంటు కింది కాలికి ఉంది. అది తాగే కరెంటు షంటు దాటదు. ఇప్పుడే వరసలో మల్టీమీటరు పెట్టి చూశాను, 50 మిల్లీఆంపియర్లు. 24 గంటలకు 1.2 ఆంపియర్-అవర్లు!

ల్యాబ్ అక్క · తర్వాతి మంగళవారం, రాత్రి 10:10

ఇంకో రెండు రోజులు వాన పడితే దాదాపు సగం బ్యాటరీ మీ మీటరే తాగేస్తుంది. పంపు స్విచ్చుకు ముందు కాకుండా తర్వాత కలుపు, స్ప్రేయరు ఆపితే ఉనో కూడా ఆగుతుంది. ఆపేలోపు ఖర్చు లెక్కను ఈఈప్రామ్‌లో (కరెంటు పోయినా చెరగని ఉనో మెమరీలో) రాసేయి, లేకపోతే ప్రతిసారీ సున్నా నుంచి మొదలవుతుంది. నడిచినంతసేపు ఆ 50 మిల్లీఆంపియర్లు ప్రోగ్రాములో కలుపుకో.

పొలంగట్టు · తర్వాతి మంగళవారం, రాత్రి 10:14

సరే అక్కా. స్విచ్చు దగ్గర వైరు విప్పుతున్నాను. ఈసారి లావు వైరే వేస్తున్నాను తాతగారూ.